బావ వంతు

విజయనగరంలో సంగీతం తెలిసిన ఇళ్లన్నిటికీ వయొలిన్ అనంతకృష్ణ తెలుసు. అతని కోసమే కచేరీకి వచ్చినవాళ్లు మాత్రం లేరు. పక్కవాద్యం బతుకే అంత. పాడేవాడు నడిస్తే వెంట నడవాలి, ఆగితే ఆగాలి. ఆలాపన ముగించి పాడేవాడు ఇటు తిరిగి తల ఊపితే, ఆ కాసేపూ సభ వయొలిన్‌ది. ఇరవై ఏళ్లుగా అతను వేదికలెక్కింది ఆ తల ఊపు కోసమే.

2012 శ్రీరామనవమి పందిట్లో అది రాలేదు. పాడినవాడు పరాయివాడు కాడు, భార్య చూడామణికి అన్న లక్ష్మీనరసింహం. కల్యాణి రాగం అరగంట పాడాడు. చప్పట్లు సద్దుమణిగాక అనంతకృష్ణ కమాను తీగ మీద ఆనించాడు. ఒక్క స్వరం పలికిందో లేదో, లక్ష్మీనరసింహం కీర్తన ఎత్తుకున్నాడు. అనంతకృష్ణ కమాను ఒళ్లోకి దిగడం ముందు వరసలో కూర్చున్న అతని శిష్యులంతా చూశారు.

భోజనాల దగ్గర అడిగితే లక్ష్మీనరసింహం పప్పన్నం కలుపుకుంటూ, "టైం లేదు బావా" అన్నాడు. అక్కడితో ఊరుకోలేదు. "అయినా నీ వంతొస్తే జనం కాఫీకి లేస్తారు."

పంక్తి పంక్తంతా నవ్వింది. అనంతకృష్ణ కూడా నవ్వి మజ్జిగ పోయించుకున్నాడు.

బావలిద్దరికీ ఇంకో వ్యవహారం ఉంది. అనంతకృష్ణ కూతురు, ఇంజనీరింగ్ చదివే ఆశ్రిత, తన పాత లాప్‌టాప్‌లో నెపోలియన్ యుద్ధాల ఆట ఒకటి వేసి తండ్రికి వదిలేసింది. ప్రతి ఆదివారం చెల్లెలింట్లో భోంచేసి లక్ష్మీనరసింహం ఆటకి కూర్చుంటాడు. ఒకరు తన సైన్యాలన్నిటినీ కదిపి, వంతు ముగించే బటన్ నొక్కితేగానీ రెండోవారు ముట్టుకోవడానికి లేదు. ఆ కాసేపూ రెండోవారు చూడకుండా వీధి అరుగు మీద కూర్చోవాలి. లక్ష్మీనరసింహం ఎప్పుడూ నెపోలియనే. గెలుపూ ఎప్పుడూ అతనిదే.

"ఏటి బావా, మీ రష్యావోళ్లు మళ్లీ పారిపోతన్నారా?"

నవమి తర్వాత మొదలుపెట్టిన ఆటలో అనంతకృష్ణ వాళ్లని పారిపోనిచ్చాడు. ఊరి వెనక ఊరు వదిలేశాడు. వదిలే ముందు ధాన్యం కొట్లు తగలబెట్టాడు. వేసవి కరెంటు కోతల్లో, బ్యాటరీ ఉన్నంతసేపు ఆడుతూ, శ్రావణానికి బావని మాస్కో దాకా రప్పించాడు. ఆటలో మంచు మొదలైంది. లక్ష్మీనరసింహానికి వెనక్కి పోయే దారి ఒక్కటే మిగిలింది.

ఆ ఆదివారం అనంతకృష్ణ తన సైన్యాన్ని కదిపాడు. బటన్ నొక్కలేదు.

"అయిందేటి బావా?" అరుగు మీంచి కేక.

"ఆలోచిస్తన్నాను."

దీపాలవేళ దాకా ఆలోచించి, ఆట సేవ్ చేసి మూత వేశాడు. "ఈవేళకి టైం లేదు బావా."

పై ఆదివారమూ అంతే. ఆ పైదీ అంతే. లక్ష్మీనరసింహం మొదట నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు, ఆ తర్వాత భోజనం మధ్యలో చేయి ఆపి గోడ వంక చూడటం మొదలుపెట్టాడు. తనే వెళ్లి నొక్కేసుకోవచ్చు. ఇంకొకరి వంతు తను నొక్కడం అతనికి తలవంపులు.

"మా అన్నయ్యని ఎన్నాళ్లు మంచులో కూచోబెడతారండీ?" అంది చూడామణి. "రాత్రుళ్లు నిద్దర లేదుట. వదిన ఫోన్ చేసింది."

"దుప్పటి కప్పమను."

వినాయక చవితి కచేరీకి లక్ష్మీనరసింహం బొబ్బిలి నుంచి వేరే వయొలిన్‌ని పిలిపించుకున్నాడు. ఆ సాయంత్రం కచేరీ మైకులో వినిపిస్తున్నంతసేపూ అనంతకృష్ణ ఇంట్లో కిటికీ దగ్గరే నిలబడ్డాడు. దెబ్బ గట్టిగానే తగిలింది. బటన్ జోలికి మాత్రం పోలేదు.

దసరాకి వారం ఉందనగా లక్ష్మీనరసింహం అరుగు మీంచి లోపలికి వచ్చి గడప దగ్గర ఆగాడు.

"పండక్కి కల్యాణి పాడతన్నాను. నువ్వే వాయించాలి. ఆలాపన నీ ఇష్టం, ఎంతసేపైనా వాయించుకో. నా వంతు నాకిచ్చెయ్ బావా."

"ముందు నాది."

"ముందు నీదే."

మాట నిలబెట్టుకున్నాడు. కల్యాణి పొట్టిగా ముగించి, ఇటు తిరిగి, అందరికీ కనిపించేలా తల ఊపాడు. అనంతకృష్ణ వాయించాడు. మధ్యలో ఒక్కసారి కళ్లు తెరిస్తే పందిరి గుంజ దగ్గర ఒక పెద్దాయన లేచాడు. కాఫీకేనేమో అనుకున్నాడు. ఆయన వచ్చి ముందు వరస కుర్చీలో కూర్చున్నాడు. ముగిశాక లక్ష్మీనరసింహం మైకులోనే "భేష్" అన్నాడు.

ఇంకొకరి కోపమైతే అక్కడ చల్లారేది. ఇంటికొచ్చి కమాను సడలిస్తుంటే అనంతకృష్ణకి మళ్లీ ఆ పంక్తి నవ్వే వినిపించింది.

ఆదివారం లక్ష్మీనరసింహం భోజనానికి ముందే వచ్చాడు. అనంతకృష్ణ లాప్‌టాప్ తెరిచి, బటన్ నొక్కి, కుర్చీ అతని వైపు జరిపాడు.

లక్ష్మీనరసింహం తెర మీదికి వంగాడు. చాలాసేపటికి తల ఎత్తాడు. "ఇదేటి బావా? నా ఎనక దారి మీద మీవోళ్లున్నారు. ఎప్పుడొచ్చేరు?"

"శ్రావణంలోనే."

"అంటే అప్పట్నుంచీ..."

"అప్పట్నుంచీ."

"తిండి లేదు. ఎటూ కదల్డానికి లేదు."

"నీ వంతు ఇచ్చేను కదా. ఎంతసేపైనా ఆడుకో" అని అనంతకృష్ణ వయొలిన్ పట్టుకుని అరుగు మీదికి వెళ్లాడు. నియమం ప్రకారం వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. తీగలు శ్రుతి చేసుకుని కల్యాణి ఎత్తుకున్నాడు. లోపలి నుంచి మౌస్ చప్పుడు ఒకటి, కాసేపటికి ఇంకొకటి. తర్వాత అదీ ఆగిపోయింది. అతను ఆలాపన ఆపలేదు.