కుట్టు మిషన్ల మెకానిక్కు వెబ్‌సైటు

బాగుచేసిన మిషన్‌ని మెకానిక్కు ఊరికే చేతిలో పెట్టడు. నూనె చేతులు తుడుచుకుని, గుడ్డపీలిక మీద జానెడు కుట్టేసి, గోటితో గీరి చూస్తాడు. "చూడకుండా ఇవ్వడం నా వల్ల కాదు" అని కాస్త గొప్పగానే చెప్పుకుంటాడు. రెండేళ్ళ కిందట కూతురు పెట్టిన షాపు వెబ్‌సైటుని మాత్రం ఒక్కసారీ తెరవలేదు. "కస్టమర్‌లా ఓసారి చూడు నాన్నా" అని ఆమె పోరగా పోరగా ఇవాళ తెరిచి, అందులో ఉన్న నంబరుకి తన సెల్లు నుంచి ఫోన్ చేశాడు. బల్ల మీది షాపు ఫోను మోగలేదు. ఎవరో పెద్దావిడ పలికింది.

"మిషన్ రిపేరుకేనా బాబూ? అందులో ఒక అంకె తప్పు పడింది. అసలు నంబరు కనుక్కుని, రెండేళ్ళుగా అందరికీ నేనే చెబుతున్నాను."

"షాపాయనకి చెప్పలేదా అమ్మా?"

"మూడుసార్లు చేశాను. పనిలో ఉన్నానని కసిరి ఫోన్ పెట్టేశాడు. పనిమంతుడేలే, నువ్వు వెళ్ళు."

ఆ కసిరింది తనేనని అతనికి గుర్తొచ్చింది. ఆవిడ ఒక్కో అంకే నిదానంగా చెబుతుంటే, పెన్సిలు తీసుకుని రాసుకున్నాడు.

"సరిగ్గా రాశావో లేదో, ఓసారి చదువు నాయనా. చూడకుండా పంపను నేను."

తలొంచుకుని తన నంబరు తనే చదివాడు.