మా అక్క గొంతు తగ్గించిన రోజు

మా అక్క గొంతు గురించి ఉన్నదున్నట్టు చెబితే కోతలు కోస్తున్నాడంటారు. అనండి, నాకేం పోయింది. ఒకసారి మా అక్క ఆవుని "ఆగవే!" అని గదిమితే, కాలవ అవతలి పొలంలో ట్రాక్టరు తోలుతున్నవాడు ఠపీమని బ్రేకు తొక్కాడు. తర్వాత గట్టు దాటి వచ్చి "నన్నేనా అమ్మా?" అని అడిగాడు కూడా. ఇంకోసారి గాలన్నది లేకుండానే దండెం మీది దుప్పట్లు ఊగాయి. మూడోది కూడా ఉంది. అది చెబితే మీరు ఇక్కడితో చదవడం ఆపేస్తారని దాచుకుంటున్నా.

ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు. మా అమ్మకి చెవులు వినపడేవి కావు. వంటింట్లో ఉన్న అమ్మకి పెరట్లోంచి "పాలు పొంగుతున్నాయే అమ్మా" అని చెప్పాలంటే వీధి మొత్తానికీ చెప్పాలి. అక్క అలా చెప్పీ చెప్పీ పెరిగింది. అమ్మ పోయాక గొంతు తగ్గించాలన్న సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు. పెళ్లయ్యి పాల ఫారానికి వచ్చాక, ఆ గొంతు కాస్తా ఆవులకి ఆస్తిగా దక్కింది. బావ పాల వ్యాను తోలతాడు. ఆయన నోటి వెంట మాట రావడం నేను చూళ్లేదు. రావాలన్నా ఆ ఇంట్లో దానికి చోటు లేదు.

ఇక నా సంగతంటారా, ఎనిమిదో తరగతిలోనే నేను బడికి విశ్రాంతి ఇచ్చి, అక్క దగ్గర ఫారంలో చేరాను. పాపం, బడే నన్ను మర్చిపోలేకపోయింది. ఇప్పుడు ఊళ్లో బడులన్నీ బస్సులేసుకుని నా దగ్గరికే వస్తున్నాయి. నేను ముందు నడుస్తుంటే టీచర్లు వెనకాల వరసగా నడుస్తారు. ఇంతకన్నా చదువేం కావాలి?

ఈ పీడ బావ వల్లే మొదలైంది. పాలు పోయించుకునే టీచరొకావిడ "మా పిల్లలకి ఒకసారి మీ ఫారం చూపించకూడదూ?" అంటే బావ తలూపాడు. ఆయనకి మెడ ఉన్నదే ఊపడానికి. అంతే, ఆ బడి వెళ్లి ఇంకో బడికి చెప్పింది. ఆ రోజు నుంచి మాకు మనశ్శాంతి లేదు. ఒక హెడ్‌మాస్టరు ఆవుల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టమన్నాడు. ఒకావిడ, ఫొటో తీసేంతసేపు ఆవు పేడ వెయ్యకుండా చూడమంది. మీరైతే ఏమంటారు? మా అక్క "నువ్వే చెప్పు తల్లీ, నీ మాటైతే వింటుందేమో" అంది. అన్నది చెవిలోనే, అయినా బస్సు డ్రైవరుకి కూడా వినపడింది. ఒక పిల్లాడు బిస్కెట్లు తాను తిని పొట్లం ఆవుకి పెట్టాడు. ఇంకొకడు ఆవు పొదుగుని తెగ చూసి "దీనికి స్విచ్చి ఎక్కడుంది?" అన్నాడు. వాళ్లు వెళ్లిపోయాక ఆవులు సాయంత్రం పాలు చేపేవి కావు. చేపు రాని పొదుగు కింద కూచుని అక్క తిట్లు మొదలెట్టేది. ఆ తిట్లు వింటే ఆవులకి ప్రాణం లేచొచ్చి పాలు ధార కట్టేవి.

మీకిది వింతగా ఉండొచ్చు. మా ఆవులు తిట్లకి అలవాటు పడ్డ ఆవులు. వేరేచోట ఈల వేసి పిలుస్తారు, గంట కొడతారు, మేత చూపిస్తారు. మా అక్క సిమెంటు తొట్టి గట్టెక్కి ఒక్కోదాన్నీ పేరుపెట్టి తిడుతుంది. తిట్టు అందినవాళ్లు అందినట్టు, ముందు పట్టపురాణి, దాని వెనక మొండిది, ఆఖర్న కొత్తకోడలు, ఇలా మేత బీడు నుంచి వరసగా నడిచొచ్చి ఎవరి చోట వాళ్లు నిలబడతాయి. ఒకరి తిట్టుకి ఇంకొకరు రారు. అంత క్రమశిక్షణ నేను చదివినన్నాళ్లూ ఏ బడిలోనూ చూళ్లేదు.

అన్ని బడులూ అయిపోయి, చివరికి మా మేనకోడలి బడి వంతు వచ్చింది. పిల్ల ఏడో తరగతి. మర్నాడు వాళ్ల క్లాసంతా మా ఫారానికే వస్తోందని టీచరు చెప్పిందట. ఇంటికొస్తూనే సంచీ గిరాటేసి నడుం మీద చేతులేసుకుని వాళ్లమ్మ ముందు నిలబడింది.

"అమ్మా, రేపు నువ్వు అరవకూడదు."

"నేనెక్కడ అరుస్తానే?" అని అక్క అరిచింది. షెడ్డులో ఆవులన్నీ తలెత్తి చూశాయి.

"ఇదిగో, ఇదే!"

"ఇది మాట్లాడటమే పిచ్చిమొహమా. అరవడమంటే ఇంకా నువ్వు వినలేదు."

"పోయినసారి బడికొచ్చి మా టీచర్ని బాగున్నారా అన్నావు. పై అంతస్తులో వాళ్లు కూడా బాగున్నాం అన్నారు. ఆ రోజు నుంచి అందరూ నన్ను మైకు అని పిలుస్తున్నారు, తెలుసా నీకు? ఇప్పుడు నువ్వు ఆవుల్ని తిట్టడం కూడా చూశారంటే, నేనిక బడికి పోను. మావయ్యలాగా ఇంట్లో కూచుంటా."

ఆ ఆఖరి మాట నాకు నచ్చలేదు గానీ, అక్కకి మాత్రం తగలాల్సిన చోటే తగిలింది. చేతిలో చీపురు పక్కన పెట్టింది.

"మైకంటున్నారా?"

"ఊఁ."

"సరే. రేపంతా గొంతెత్తను. మాట."

మా వంశంలో మాటంటే గోడలో దిగిన మేకు. పీకాలంటే గోడే ఊడాలి. "అక్కా, పొద్దుగూకేదాకా ఎలాగే?" అన్నాను. అప్పుడే మొదలెట్టిందేమో, పెదవులు కదిపి ఏదో అంది. నాకు వినపడలేదు. నా జన్మలో మా అక్క మాట వినపడకపోవడం అదే మొదలు. నిజం చెప్పొద్దూ, కాస్త భయమేసింది.

మర్నాడు బస్సు దిగారు మహానుభావులు. ముందు ఎర్రగొడుగేసుకుని, మెడలో ఈల వేలాడేసుకుని టీచరమ్మ. వెనక పిల్లల దండు. దిగుతూనే సగంమంది ముక్కు మూసుకున్నారు, మిగతా సగం గడ్డి కోసే మిషను వైపు పరిగెత్తారు. అక్క ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేతులు కట్టుకుని, పెళ్లిచూపుల్లో కూచున్నదానిలా నవ్వుతూ నిలబడింది.

"ఆంటీ, ఆవులకి ఆదివారం సెలవా?"

"లేదు నాన్నా," అంది అక్క, దూదిలాంటి గొంతుతో.

"మరి వాటికి బోరు కొట్టదా?"

"కొట్టదు బంగారం."

"ఆంటీ, ఇది మన వైపే చూసుకుంటూ పేడ వేస్తోంది!"

అక్క దవడ కండ బిగుసుకోవడం నేను చూశాను. నోటిదాకా వచ్చిన తిట్టు మింగింది. మింగిన మాటలన్నీ ఎక్కడ పెట్టుకుంటోందో దేవుడికే తెలియాలి. పిల్లల ధ్యాస మళ్లించడానికి నేను, పట్టపురాణి ఒంటికొమ్ముతో బురదలో దిగబడ్డ బస్సుని లాగిన కథ ఎత్తుకున్నాను. సగం నమ్మారు. టీచరమ్మ నమ్మలేదు. ఆవిడకేం తెలుసు, ఆవిడ అప్పుడు అక్కడ లేదు.

ఇంతలో వెనక వరసలో ఒక పిల్ల ఇంకో పిల్లతో అంది: "మైకు వాళ్ల అమ్మ ఎంత మెల్లగా మాట్లాడుతుందే! మనమే ఏదో అనుకున్నాం."

మా మేనకోడలి మొహం వెలిగిపోయింది. ఆ పిల్ల పడుతున్న బాధకి మందు దొరికినట్టే. ఇంకో గంట ఇలాగే గడిచి బస్సెక్కేస్తే, ఆ పేరు అక్కడితో సరి.

అప్పుడొచ్చింది ఆవుల్ని పిలిచే వేళ. మధ్యాహ్నం ఆవులు బీడు నుంచి నీళ్లకొస్తాయి, కొత్తగా ఈనినవాటికి అప్పుడే పాలు కూడా తీస్తాం. అదే ఈ యాత్రలో అసలు వినోదం. "చూడండి, వాటంతట అవే వరసగా వస్తాయి" అని నేను చేయి చాపి ప్రకటించాను. అక్క తొట్టి గట్టెక్కింది. గొంతు సవరించుకుంది.

"రాణమ్మా... రా తల్లీ..."

పట్టపురాణి తలెత్తింది. ఎవరో చిరునామా అడగడానికి వచ్చిన కొత్తమనిషిని చూసినట్టు అక్కని చూసి, మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది.

"మొండమ్మా... బుజ్జీ... రారా నాన్నా..."

మొండిది అటు తిరిగి నిలబడింది. కొత్తకోడలైతే పడుకుంది.

పిల్లలు ఊరికే ఉంటారా? బీడుకి పక్కనున్న ఇనప గేటెక్కి ఇద్దరు ఉయ్యాలూగారు. గొళ్లెం ఊడింది. గేటు అవతల పక్కచేను తాత క్యాబేజీ తోట. కోతకొచ్చి, ఒక్కోటీ నా తలకాయంత ఉంది, నా తల చిన్నదేం కాదు. ఇంతసేపూ కదలమన్నా కదలని ఆవులు, ఆ గేటు కిర్రుమనగానే పెళ్లిభోజనానికి పిలిచినట్టు లేచి బయల్దేరాయి.

టీచరమ్మ ఈల ఊదింది. ఆవులు నడక మాని పరుగందుకున్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను అరిచాను. నా గొంతేం తక్కువది కాదు, కానీ రోజూ నా కథలు వినీ వినీ ఆవులకి నా మాట మీద నమ్మకం పోయింది. అక్క గట్టు దూకి, నోరు బిగబట్టుకుని, రెండు చేతులూ ఊపుకుంటూ, ఇస్త్రీ బట్టల్తో బురదలో పడి పరిగెత్తింది. మూగసినిమా.

తాత కర్రెత్తుకుని పంపుసెట్టు గది నుంచి వచ్చాడు. రోజూ మా అక్క అరుపులకి తన నిద్ర పాడైపోతోందని పోట్లాడే మనిషి. "అమ్మాయ్! అరువు! అరవ్వేం? గొంతు పడిపోయిందా? నీకు దణ్ణం పెడతా, ఒక్కసారి తిట్టవే తల్లీ!"

అక్క ఆగింది. వెనక్కి తిరిగి కూతురి వైపు చూసింది. నోరు సగం తెరిచి ఉంది. అరుపు పళ్ల దాకా వచ్చేసి ఉంది. అయినా సరే, మాట ఇచ్చింది పిల్లకి, ఇక అరవమనాల్సింది కూడా పిల్లే. ఇలాంటి మొండిమనిషితో ఎలా వేగాలో చెప్పండి!

పిల్ల అటు వాళ్ల క్లాసుని చూసింది. ఇటు వాళ్లమ్మని చూసింది. అమ్మ మోకాళ్ల దాకా బురద, నోట్లో మాట లేదు. పట్టపురాణి మొదటి క్యాబేజీ మీద మూతి పెట్టనే పెట్టింది.

"అయ్యో, ఈ అమ్మొకతి!" అని పిల్ల తొట్టి గట్టెక్కింది.

"ఒసే పట్టపురాణీ! పల్లకీ పంపాలటే నీకు? ఎవడి సొమ్మనుకున్నావే అది, మీ నాన్న నాటాడా? తిరుగు ఇటు! మొండిదానా, ఒళ్లు కొవ్వెక్కి కళ్లు కనపడట్లేదా? కొత్తకోడలా, అందరూ లేచాక లేస్తావు, అందరికన్నా ముందు తింటావు, సిగ్గుందిటే నీకు? నడవండి!"

అక్షరం పొల్లుపోలేదు. ఆ విరుపూ, ఆ సాగదీతా, అంతా మా అక్కే. పట్టపురాణి నోట్లో ఆకు అలాగే వేలాడుతుండగా వెనక్కి తిరిగింది. దాని వెనక మొండిది. ఆఖర్న కొత్తకోడలు, తలొంచుకుని. వరసగా వచ్చి ఎవరి చోట అవి నిలబడ్డాయి.

గట్టు మీద నిలబడ్డ పిల్లకి, తానేం చేసిందో అప్పుడు తెలిసొచ్చినట్టుంది. మొహం ఎర్రబడింది.

"మైకూ!" అని అరిచాడు గేటూగినవాడు. "నన్ను కూడా ఒకటి తిట్టవే!"

ఇక చూడండి నా తిప్పలు. అందరికీ తిట్లు నేర్చుకోవాలని పుట్టింది. ఒక్కొక్కడూ గట్టెక్కి పల్లకీ పంపాలటే అనడం, ఆవులు చెవి కూడా కదపకపోవడం. టీచరమ్మ వద్దు వద్దంటూనే, ఎవరూ చూడనప్పుడు తనూ మెల్లగా ఒకటి అని చూసుకుంది. నేను చూశాను. బస్సు కదిలాక కూడా కిటికీల్లోంచి మొండిదానా, కొత్తకోడలా అన్న అరుపులు మలుపు దాకా వినిపించాయి. పేరు పోలేదు. మైకు మైకుగానే ఉంది. కాకపోతే ఇప్పుడు ఆ పేరుతో పిలిచి పక్కన కూచోబెట్టుకుంటున్నారు.

పిల్ల మాత్రం కోపంతో ఉడికిపోతోంది. "నువ్వే అరవచ్చుగా! అంత అవసరమైనప్పుడు కూడానా?"

"మాటిచ్చాగా," అంది అక్క, అదే దూదిగొంతుతో, బురద కడుక్కుంటూ.

సాయంత్రం పాలవేళ అయింది. ఆవులు మళ్లీ బీడులో ఉన్నాయి. అక్క బకెట్టు పట్టుకుని పీట మీద కూచుని పిల్ల వైపు చూసింది. పిల్ల నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

"అమ్మా, నీ మాట నాకొద్దు. వెనక్కి తీసుకో!"

"రేపంతా అన్నాను. రోజింకా అయిపోలేదు."

"నా గొంతు పోయిందే!"

"పోదూ మరి? పీకలోంచి అరిస్తే పోతుంది. పొట్టలోంచి రావాలి. మీ అమ్మమ్మకి వినపడాలంటే నేనెక్కడి నుంచి తెచ్చేదాన్ననుకున్నావు?" అక్క లేచి, తడిచెయ్యి పిల్ల పొట్ట మీద పెట్టింది. "ఇక్కడి నుంచి. ఊపిరి పట్టు. ఇప్పుడు పిలువు."

పిల్ల ఊపిరి పట్టింది.

"ఒసే రాణీ, ఆగవే, ఎటు పోతున్నావు? తిరుగు ఇటు!"

కాలవ అవతల ట్రాక్టరు ఠపీమని ఆగింది. కాసేపటికి ట్రాక్టరు తోలేవాడు గట్టు దాటి వచ్చి, టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఈసారి ఎవర్ని అడగాలో తెలియక తల్లినీ పిల్లనీ మార్చి మార్చి చూశాడు.

"నన్నేనా?"

కోతలంటారా? అనండి.