జూలైలో స్వెట్టరు వేసుకున్న ఎస్తేరక్క

రెండేళ్ల కిందటి జూలై. హైడెల్‌బర్గ్ శివార్లలో నేను పనిచేసే కార్ల వర్క్‌షాపు ఆ నెలలో పెళ్లివారి విడిదిల్లులా ఉంటుంది. ఏడాది పొడుగునా ఏసీని పట్టించుకోనివాళ్లంతా ఎండ చురుక్కుమనగానే మా గుమ్మంలో వాలిపోతారు. మాది కరీంనగర్. మాస్టర్స్ చదవడానికి వచ్చి, కంప్యూటర్ ముందు కూర్చోవడం కంటే బానెట్ కింద తల పెట్టడమే నాకు హాయని తెలుసుకున్నాను. ఇంట్లోవాళ్లు ఇప్పటికీ చుట్టాలకు ఇంజనీరనే చెప్పుకుంటారు, నేనూ కాదనను. వర్క్‌షాపులో ఏసీల పని నాది.

ఒకరోజు మధ్యాహ్నం చిన్న తెల్ల కారులో ఎస్తేరక్క వచ్చింది. తెనాలి మనిషి, నర్సు. మంచాన పడ్డ ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి ఇంజెక్షన్లిచ్చి, కట్లు మార్చి వచ్చే సంస్థలో కొత్తగా చేరింది. కారు ఆ సంస్థదే. ఇక్కడ తెలుగమ్మాయి ఉందని చర్చిలో ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

అదే కారు, అవే ఊళ్లు. అయినా అంతకుముందు ఆ కారు నడిపిన నర్సు కంటే ఈమెకు పెట్రోలు బాగా ఎక్కువ పడుతోంది. సంస్థ యజమానురాలు పిలిచి, ఈ పెట్రోలంతా ఎటు పోతోందని అడిగింది. సంస్థ ఇచ్చిన పెట్రోలు కార్డు వెనక్కి తీసేసుకున్నారు. ఇప్పుడు బంకుకు వెళ్లాలంటే ఆఫీసు మనిషి ఒకరు వెంట రావాలి. ప్రోబెట్సైట్, అంటే ఉద్యోగం ఖాయం కాకముందు ఉండే పరీక్షాకాలం, ఆ నెలాఖరుతో ముగుస్తుంది.

"దొంగ అని నోటితో అనలేదమ్మా. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను. ఈ పేరు మోసుకుని ఎక్కడికి పోను?" అంది.

నాకు ఒళ్లు మండింది. కారులోనే ఏదో ఉంటుంది, పట్టుకుంటానని ధీమాగా చెప్పాను. లోపాలు చదివే స్కానర్ తగిలించాను. ఏసీ గ్యాస్ చూశాను. చల్లదనం పుట్టించే కంప్రెసర్ ఇంజను బలంతోనే తిరుగుతుంది కాబట్టి ఏసీ తాగే పెట్రోలంతా దాని వాటాయే. దాన్నీ చూశాను. టైర్లలో గాలి, ట్యాంకు, అన్నీ భేషుగ్గా ఉన్నాయి.

"బండి మంచిగనే ఉందక్కా," అన్నాను. వేరే ఎవరైనా అయితే సంతోషించేవారు. ఆమె మొహం పాలిపోయింది.

"బండి బాగుంటే తప్పు నాదేగా."

తాళంచెవి ఆమె చేతికివ్వబోయాను. అప్పుడు కనిపించింది నాకు, ఆమె వేసుకున్న ఉన్ని స్వెట్టరు. వర్క్‌షాపులో మేమంతా చెమటతో తడిసి ముద్దయి ఉన్నాం.

"ఎండల స్వెట్టర్ ఏందక్కా?"

"కార్లో చలమ్మా. మరీ వణుకొస్తే కాస్త అద్దం దించుకుంటాను."

ఒకపక్క ఏసీ హోరెత్తుతుంటే ఇంకోపక్క అద్దం తీసి ఉండటం! ఏసీ తగ్గించుకోవచ్చు కదా అని అడిగాను. అది ఇరవై రెండు మీదే ఉందట, ఆఫీసువాళ్లు పెట్టినదాన్ని తానెందుకు ముట్టుకోవాలని ఊరుకుందట. ఇరవై రెండు డిగ్రీల్లో ఎవరూ వణకరు. మా పనిపెద్దను, అంటే మైస్టర్‌ను, కాసేపు బయటికి వెళ్లొస్తానని అడిగాను. బయట బళ్లు బారులు తీరి ఉన్నాయి. ఆయన వెంటనే నా చేతిలోని పని తాను అందుకున్నాడు. ఆ మంచితనం నేను మరిచిపోలేదు.

ఆమె కారులోనే నెక్కర్ నది ఒడ్డున కాస్త దూరం పోయేసరికి నాకే వేళ్లు కొంకర్లు పోయాయి. అంత చల్లబడినా ఫ్యాను జోరు తగ్గలేదు. ఎందుకిలా అని చుట్టూ చూస్తుంటే స్టీరింగు పక్కన తెల్ల పావురం బొమ్మ స్టిక్కరు కనబడింది. ఆమె జర్మనీ బయల్దేరేటప్పుడు తెనాలి చర్చివాళ్లు ప్రార్థన చేసి ఇచ్చారట. కారు చేతికి రాగానే అతికించింది. అక్కడే ఎందుకంటే, సన్నటి చిల్లుల్లోకి దుమ్ము పోకుండా కూడా ఉంటుందని.

ఆ చిల్లుల వెనకే ఉంటుంది, కారు లోపలి వేడిని కొలిచే సెన్సర్. లోపలి గాలి అందులోంచి వెళ్తేనే ఎంత చల్లబడిందో ఏసీకి తెలుస్తుంది. దారి మూసేస్తే డ్యాష్‌బోర్డు వెనకున్న వేడినే కారంతా ఉన్న వేడి అనుకుని కంప్రెసర్‌ను తోలుతూనే ఉంటుంది. స్కానర్‌కు అది లోపంగా కనబడదు. సెన్సర్ బాగానే ఉంది మరి! జర్మన్లెవరూ అక్కడ ఏదీ అంటించరు. మనం మాత్రం బండి కొన్న రోజే దేవుణ్ణి ఎక్కిస్తాం. మా నాన్న స్కూటరు మీదా మల్లన్న ఉండేవాడు, హెడ్‌లైటుకు సగం అడ్డంగా.

స్టిక్కరు తీయాలంటే ఆమెకు మనసొప్పలేదు. వేడిగాలి పట్టి, చిరగకుండా ఒలిచి, పక్క సీటు ఎదుటి అర తలుపు మీద అతికించాను. కాసేపటికి ఫ్యాను నెమ్మదించింది. ఎస్తేరక్క స్వెట్టరు విప్పి ఒళ్లో పెట్టుకుంది. కానీ భయం పోలేదు. అతికించింది నువ్వే కదా అంటే ఏం చెప్పాలని.

మైస్టర్ సలహా మీద యజమానురాలినే రమ్మన్నాం. మర్నాడు వచ్చింది. మీ దేశం మనిషని వెనకేసుకొస్తున్నావా అని నన్ను సూటిగానే అడిగింది. అందుకే మీరే నడిపి చూడండి అన్నాను. చిల్లుల మీద టేపు వేసి, ఎస్తేరక్కను పక్కన కూర్చోబెట్టి, నేను వెనక కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ భుజాలు ముడుచుకుంది. అప్పుడు టేపు పీకేశాను. ఫ్యాను తగ్గింది. అదే చదును రోడ్డు మీద, అదే వేగంలో, పెట్రోలు ఎంత పడుతోందో చూపే అంకె కూడా దిగింది. ఆవిడ కారు పక్కకు ఆపి, ఇంత చలిగా ఉందని నాకెందుకు చెప్పలేదని అడిగింది. ఉద్యోగంలో చేరుతూనే కారు బాగాలేదంటే బాగుండదనుకున్నానని ఎస్తేరక్క వచ్చిన జర్మన్‌లో చెప్పింది. ఆ స్టిక్కరు తానే అంటించానని కూడా చెప్పింది.

ఆవిడ ఎస్తేరక్క వైపు తిరిగి, నేను నిన్ను అనుమానించాను, అది నా తప్పు, క్షమించు అంది. సంచిలోంచి కార్డు తీసి నా ఎదుటే ఆమె చేతిలో పెట్టింది. మాటతో సరిపెట్టకుండా, సోమవారం నర్సులందరికీ కారు ఏసీ గురించి ఎస్తేరే చెప్పాలంది.

తోడుకు నేనూ వెళ్లాను. ఎండలో నిలిపిన కారెక్కగానే అద్దాలన్నీ తీసి వేడిగాలిని బయటికి పోనివ్వమని, కాస్త దూరం నడిపాక అద్దాలు మూసి ఏసీ వేయమని, త్వరగా చల్లబడటానికి మొదట లోపలి గాలినే తిప్పి తర్వాత బయటిగాలి పెట్టమని, దిగడానికి కాస్త ముందే ఏసీ కట్టేయమని నేను నేర్పినవన్నీ చెప్పింది. ఏసీ నడుస్తుంటే అద్దం దించకండని చెప్పేటప్పుడు తనే నవ్వేసింది. అందరూ నవ్వారు. ఒక పెద్దావిడ తన కారులోనూ చలిగా ఉంటోందని, వచ్చి చూడమని ఎస్తేరక్కనే అడిగింది. ఆ నెలాఖరుకు ఆమె ఉద్యోగమూ ఖాయమైంది.

ఇప్పుడు ఎవరొచ్చినా స్కానర్ తీయకముందే, కారులో మీకెలా ఉంటోందని అడుగుతాను. అది నాకు నేర్పింది ఎస్తేరక్క. ఆమె ఆ రోజు స్వెట్టరు విప్పేసి వచ్చి ఉంటే, బండి బాగుందని చెప్పి ఆ నిందతోనే ఆమెను పంపేసేదాన్ని. విప్పకుండా వచ్చినందుకు ఆమెకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.