కాకెంగిలి

పత్రికలో పనిచేసినన్నాళ్లూ నాకు నేర్పింది ఒక్కటే: చూసింది రాయి, అనుకున్నది రాయకు. ఆ ఉద్యోగం వదిలి హైదరాబాద్‌లో మనస్తత్వశాస్త్రంలో చేరాను. పిల్లలు ఒకరితో ఒకరు మెలగడం ఎలా నేర్చుకుంటారన్నది నా పరిశోధన. బడికి వెళ్లిన మొదటి వారంలోనే పత్రిక పాఠం మరిచాను.

ఆదిలాబాద్‌లో పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లుల పక్కన చిన్న బడి. నా పరిశోధనకు మార్గదర్శకులైన గురువుగారిచ్చిన ఫారం ప్రకారం ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి, ఒకరి చేతికే పల్లిపట్టి ఇవ్వాలి. పంచితే ఒక గడిలో, తినేస్తే ఇంకో గడిలో గుర్తు పెట్టాలి. మిల్లు కూలీల పిల్లలు పట్టీని బట్టలో చుట్టి నోట్లో పెట్టుకునేవాళ్లు. నేను 'తినేశారు' గడిలో గుర్తు పెట్టి ఇద్దర్నీ పంపేసేవాణ్ని. కూలీల పిల్లలకు పంచుకోవడం తెలియదని గురువుగారు ముందే తేల్చుకున్నారు. నా ఫారాలూ అదే చెబుతున్నాయి.

ఒకరోజు మిల్లులో పత్తి ఏరే కూలి కూతురు, లంగా అంచు ఇంకా పళ్లమధ్యే ఉండగా, నా కలం వైపు చూసింది.

"అప్పుడే రాస్తివా సారూ? నేనింక ఇయ్యనే లేదాయె!"

"నోట్లో పెట్టుకున్నావు కదమ్మా?"

"బట్ట అడ్డం పెట్టి కొరికిన. గిది ఎంగిలి గాదు, కాకెంగిలి. గంత సదువుకున్నవు, గిది ఎర్కలేదా?"

పక్కనున్న పత్తి వ్యాపారి కూతురు పడిపడి నవ్వుతూ సగం ముక్క అందుకుంది. "మా అవ్వకు జెప్పకు సారూ. కూలోళ్ల ఇంట్ల నీళ్లు గూడ తాగనియ్యది."

ఎరుక లేకేం? చిన్నప్పుడు నేనూ అలా కొరికి పంచినవాణ్నే. ఫారాలన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ముక్క ఎవరి చేతికి చేరుతుందో చూసేదాకా కలం తీయలేదు. పెద్దలు కట్టిన అంటు గోడను పిల్లలు జానెడు గుడ్డతో దాటుతున్నారని సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం రాసి, గురువుగారి ముందు పెట్టాను.

"మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుంటే సామాజిక వికాసమా? ఈ అధ్యాయం తీసెయ్. లేకపోతే సంతకం పెట్టను."

"ఆ మిల్లు కూలీల్లో ఎవరైనా కొరికి ఇస్తే, గుడ్డ అడ్డం పెట్టినా సరే, మీరు తింటారా సార్?"

ఆయన కాగితాలు నా వైపు తోసేశారు.

అధ్యాయం తీయలేదు, సంతకం పడలేదు. కరీంనగర్, ఆదిలాబాద్ బడుల్లో ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పిల్లల్ని చూస్తూ గడిపాను, డాక్టరేట్ లేకుండానే. ఎందుకు రాలేదని అడిగినవాళ్ల చేతిలో ఆ అధ్యాయమే పెట్టేవాణ్ని.