అబ్దోన్ అక్షరాలు దొరకడం లేదు

తార్హేలియా మూడేళ్లుగా కంప్యూటర్‌కి ఒకటే జవాబు చెబుతూ వచ్చింది: "తర్వాత." కొత్త వ్యవస్థ వచ్చింది, ఎక్కించమంటారా అని అది అడిగినప్పుడల్లా దాని మీదే నొక్కేది. ఆ సోమవారం పొద్దున మాత్రం, చెవి దగ్గర ఫోను పెట్టుకుని, చచ్చినవాళ్ల పండక్కి పాపల ఆకారంలో చేసే పాపరొట్టెలు ఎన్ని కావాలో బేకరీ ఆవిడకి చెబుతూ, రాతిపొడి అంటిన వేలితో "ఇప్పుడే" అన్నదాని మీద నొక్కేసింది.

కువెంకా ఊళ్లో, శ్మశానం వీధిలో ఆమెది రాళ్ల కొట్టు. అక్కడ పోయినవాళ్లని గోడల్లో కట్టిన అరల్లో పెట్టి మూస్తారు. మూసిన అరకి ముందు పేరు చెక్కిన రాతిపలక బిగిస్తారు. పలక రాకముందు మేస్త్రి తడి సిమెంటు మీద మేకుతో పేరు గీసి పోతాడు. నవంబరు రెండో తారీఖున ఊరు ఊరంతా పూలు పట్టుకుని వస్తుంది. ఆ రోజుకి కూడా మీ ఇంటివాళ్ల అర మేకు గీతతోనే ఉంటే, పక్క అరవాళ్లు ఏమీ అనరు. చూస్తారు, అంతే. ఆ చూపు చాలు.

ఈ ఏడాది మేకు గీతతో ఉన్న అర అబ్దోన్ నౌలాది. ఆ కొట్టు మొదట ఆయనదే. ముప్ఫై ఏళ్లపాటు ఊళ్లో సగం మంది పేర్లు చెక్కిన మనిషి, రెండేళ్లు మంచంలో ఉండి ఆగస్టులో పోయాడు. తార్హేలియా పంతొమ్మిదేళ్ల వయసులో ఆయన దగ్గర కొట్టు ఊడవడానికి చేరింది. చెక్కే యంత్రం కొన్నప్పుడు, దాన్ని చూసి ఆయన భయపడితే, ఈవిడ నేర్చుకుంది. ఆయన గళ్ల కాగితం మీద అక్షరాలన్నీ గీసిస్తే, కాలేజీలో చదివే ఒకాయన వాటిని కంప్యూటర్ ఫాంటుగా మార్చి ఇచ్చాడు. ఆ ఫాంటు పేరు కూడా అబ్దోనే. ఆయన మంచం పట్టాక కొట్టు మొత్తం ఆమె చేతికొచ్చింది.

ఆయన భార్య లుస్మీల ఒకే ఒక్కటి అడిగింది. "పండగలోపు ఆయన పేరు రాయి మీద ఉండాలి. ఆయన అక్షరాల్లోనే ఉండాలి. ఇంకెవరి అక్షరాల్లోనో వద్దు." దానికోసం ఆయన తనే ఎప్పుడో ఎంచి, గోనెపట్టా చుట్టి దాచుకున్న బూడిదరంగు రాయి ఒకటుంది. రెండో రాయి లేదు.

సోమవారం మధ్యాహ్నానికి కంప్యూటర్ కొత్త ముఖంతో లేచింది. తార్హేలియా ఆయన పేరు కొట్టింది. తెర మీద ఖాళీ డబ్బాలు వరసగా నిలబడ్డాయి. యంత్రానికి అక్షరాలు పంపే చిన్న ప్రోగ్రామయితే, ఈ వ్యవస్థలో నేను పనిచేయను అని చెప్పి మూసుకుపోయింది. ఆమె ఆపి, మళ్లీ వేసింది. రాతిపొడి పడకుండా కప్పే ప్లాస్టిక్ గుడ్డ కప్పి, తీసి చూసింది. డబ్బాలు డబ్బాల్లాగే ఉన్నాయి.

మంగళవారం జియోవానీ వచ్చాడు. ఆ వీధిలో కంప్యూటర్లు బాగుచేసేది అతనే.

"అక్కా, ఇది పాత తరహా ఫాంటు. కొత్తదానికి ఈ తరహా తెలీదు."

"మొన్నటిదాకా తెలుసుగా?"

"మొన్న ఉన్నది వేరే అక్కా."

"పెట్టె అదేగా నాయనా!"

"పెట్టె అదే. లోపల మనిషి మారాడు."

ఇంట్లో అద్దెకున్నవాళ్లు చెప్పాపెట్టకుండా మారిపోయినట్టు ఆమె ఆ పెట్టె వంక చూసింది.

జియోవానీ ఏవేవో నొక్కి, "పాతదానిలా నటించమని చెప్పాను" అన్నాడు. ప్రోగ్రామ్ తెరుచుకుంది. డబ్బాల చోట అక్షరాలు వచ్చాయి. తార్హేలియా ప్రాణం లేచొచ్చింది. దగ్గరికెళ్లి చూస్తే అవి బ్యాంకు నోటీసుల్లో ఉండే సన్న అక్షరాలు.

"ఇవెవరివి?"

"నీ ఫాంటు దొరక్క అదే ఏదో ఒకటి తెచ్చి పెట్టిందక్కా."

"చెప్పకుండానా? నేను చూసుకోకుండా రాయి పెట్టేసుంటే?"

"పెట్టలేదుగా" అన్నాడు జియోవానీ. అతని ఓదార్పు అలాగే ఉంటుంది.

బుధవారం అతను తన ఇంటి నుంచి పాత ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చాడు. ఏ మార్పూ ఎరగనిది, వైరు పీకితే చచ్చేది. అందులో ఫాంటు తెరుచుకుంది, ప్రోగ్రామ్ నడిచింది. ఒక విరిగిన పలక ముక్క మీద ఆయన పేరు చెక్కించి చూసుకున్నారు. జియోవానీ చేతులు దులుపుకున్నాడు. తార్హేలియా మాత్రం ఆ ముక్కని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. ఏదో తేడాగా ఉంది. రెండురోజులుగా తెర చూసి చూసి కళ్లే మోసం చేస్తున్నాయేమో అనుకుంది.

అనుమానం తీరక ముక్కని సంచిలో వేసుకుని శ్మశానానికి వెళ్లింది. పై అరలు అందుకోవడానికి అక్కడుంచే చక్రాల నిచ్చెన తోసుకెళ్లి, పదిహేనేళ్ల కిందట తమ కొట్టు నుంచే వెళ్లిన ఎన్కర్నసియోన్ గువామాన్ అనే ముసలామె పలక పక్కన తన ముక్క పెట్టి చూసింది. కలవలేదు. ముసలామె పేరులో ‘ఆ’ (A) అక్షరానికి పాదం దగ్గర బరువుంది. ‘ఎన్’ (N) ఏటవాలు గీత మధ్యలో కొంచెం లోతుకి దిగి పైకి లేచింది. తన ముక్క మీద గీతలు రూళ్లకర్రతో గీసినట్టున్నాయి.

అయితే ఫాంటు ఇది కాదు. అసలుది ఇంకెక్కడో ఉంది. జియోవానీకి ఫోను చేసింది.

"ఫైలు ఒక్కటే ఉందక్కా. రెండోది లేదు."

నిచ్చెన ఇంకో వరసకి తోసింది. అక్కడి ‘ఆ’ వేరుగా ఉంది. మూడో వరసలో ఒకే పేరులో ఉన్న రెండు ‘ఆ’లు ఒకదానితో ఒకటి కలవలేదు. అన్నీ తన చేత్తో యంత్రంలో పెట్టినవే, అన్నీ ఒకే ఫాంటువి. ఒకే అచ్చులోంచి ఇన్ని రకాలు ఎలా వచ్చాయి? ఇక్కడి పలకలు కొట్లోకంటే అందంగా కనిపిస్తాయని ఆమెకి ఎప్పట్నుంచో తెలుసు. ఎండ పడి అలా ఉంటాయనుకునేది. నిచ్చెన మెట్టు మీదే కూచుంది.

అట్నుంచి అటే లుస్మీల ఇంటికి వెళ్లింది. ఆవిడ పొయ్యి మీద పండగ జావకి ఊదారంగు పళ్లు ఉడికిస్తూ, బల్ల మీద బెల్లం అచ్చు పెట్టి ఉలితో కొడుతోంది.

"అమ్మా, ఆయన అక్షరాలు దొరకడం లేదు. ఫాంటు దొరికింది, అక్షరాలు లేవు. నాకేం అర్థం కావడం లేదు" అంది తార్హేలియా.

లుస్మీల చేతిలో ఉలి ఆగింది. "ఒంటిగంటకి నువ్వు భోజనానికి ఇంటికెళ్లేదానివి కదూ?"

"ఆ. ఆయన కొట్టు చూసుకుంటానని ఉండిపోయేవారు. మూడింటికి నేనొచ్చేసరికి పలకలు కాగితం చుట్టి సిద్ధంగా ఉండేవి."

"కాగితం చుట్టడానికి రెండు గంటలు పడుతుందటే పిచ్చిదానా? యంత్రం గీసినవన్నీ ఉలితో మళ్లీ దిద్దేవాడు. ఒక్కటీ వదిలేవాడు కాదు."

"నాకెందుకు చెప్పలేదు?" అంది తార్హేలియా.

"యంత్రం నేర్చుకుని నువ్వు పొంగిపోతుండేదానివి. నీ ఎదుట దాని తప్పు దిద్దితే చిన్నబుచ్చుకుంటావని."

"మరి ఈ రెండేళ్లు? ఆయన మంచంలో ఉండగా నేను పంపిన పలకలు?"

"రోజూ అడిగేవాడు, తార్హేలియా రాళ్లు ఎలా ఉన్నాయే అని. శుభ్రంగా ఉన్నాయని చెప్పేదాన్ని."

"శుభ్రంగా" అంది తార్హేలియా. ఆ మాట ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

లుస్మీల నడుముకి కట్టుకున్న గుడ్డతో ఉలిని తుడిచి ఆమె చేతిలో పెట్టింది. "ఆయనదే. బెల్లం కొట్టుకోవడానికి ఉంచుకున్నాను. నేను ఇంకోటి చూసుకుంటాలే."

శుక్రవారం గోనెపట్టా విప్పి బూడిదరంగు రాయి యంత్రంలో పెట్టారు. జియోవానీ ల్యాప్‌టాప్ వైరు దగ్గర కాపలా నుంచున్నాడు. ఒంటిగంటకి అతను భోజనానికి వెళ్లాడు. తార్హేలియా తలుపు మూసి, ఉలి తీసుకుని కూచుంది. మొదటి అక్షరానికే నలభై నిమిషాలు పట్టింది. అది సరిగ్గా వస్తోందో, పాడైపోతోందో చివరిదాకా ఆమెకి తెలియలేదు.

పండగనాడు లుస్మీల నిచ్చెన రెండు మెట్లెక్కి, ఆయన పేరు మీద వేలు పెట్టి మెల్లగా చివరిదాకా నడిపింది. కింద తార్హేలియా పూలు పట్టుకుని నుంచుంది.

"ఈ చివరి ‘ఆ’ దగ్గర చెయ్యి జారింది నీకు."

"అవునమ్మా."

"ఆయనైతే నువ్వు భోజనం చేసొచ్చేలోపు దిద్ది పెట్టుండేవాడు" అని లుస్మీల నవ్వింది. తార్హేలియాకి ఏడుపొచ్చింది. పూలు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు ఒంటిగంటకి శ్మశానంలో జనం ఉండరు. ఆ వేళ చక్రాల నిచ్చెన మీద ఒకావిడ సంచిలోంచి ఉలి తీసి కూచుంటుంది. అబ్దోన్ మంచంలో ఉన్న రెండేళ్లలో ఆమె పంపిన పలకలు నూట పన్నెండు. ఇప్పటికి పదకొండు దిద్దడం అయింది. ఆ ఇళ్లవాళ్లెవరికీ ఆమె చెప్పలేదు.