ఎవరు పోయిండ్రో ఫోను చెప్పలేదు

యశోదకు పెండ్లయిన కొన్నాళ్లకే చూపు పోయింది. నీటికాసుల జబ్బని పట్నం డాక్టర్లు తేల్చేసరికే రెండు కండ్ల నరాలూ ఎండిపోయాయి. మొదట్లో గోడలు తడుముకుంటూ ఏడ్చింది. మెల్లగా వంట మొదలుపెట్టింది. భర్త రాంచందర్, అతని జతగాడు గోపయ్య ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో చేపలు పట్టేవాళ్లు. చిరిగిన వలలు తెచ్చి ముందర పడేస్తే వేళ్లతోనే చిరుగు వెతికి కట్టేది.

లోకాన్ని మళ్లీ ఆమెకు దగ్గర చేసింది ఫోను. వేలు ఎక్కడ పెడితే అక్కడున్న మాటను అది పైకి చదువుతుంది. చేపలోళ్ల సంఘం గ్రూపులో ఎవరేం పెట్టినా రాంచందర్ కంటే ముందు ఆమెకే తెలిసేది, సతీశ్ పెట్టినవి తప్ప. గ్రూపు నడిపేది అతనే. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, వాటిని ఏదో వెబ్‌సైటులో వేసి తీగల్లాగా మార్చి పెట్టేవాడు. చూసేవాళ్లకు అవి సోకైన అక్షరాలు. ఆమె ఫోనుకు మాత్రం అక్షరాలే కావు, లెక్కల్లో వాడే ఏవో గుర్తులు. వాటిని దాటేసి చివరున్న బొమ్మల పేర్లు చెప్పి ఊరుకునేది. రాంచందర్ ఇంటికొచ్చాక అసలు మాట చదివి వినిపిస్తే ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. చెరువు నిండి అలుగు దుంకుతోంది. వలలు కొట్టుకపోతే బతుకుడెట్ల అని పొద్దున్నే బయలుదేరాడు రాంచందర్. పోవద్దని బతిమాలింది. జల్ది వస్తనని చెప్పి పోయాడు.

పగటి బువ్వ చల్లారిపోయింది. ఫోను చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. ఎన్నిసార్లు చేసినా అదే. వాన చప్పుడులో అతని అడుగు వినబడుతుందేమోనని గడపలోనే కూర్చుంది. అప్పుడు ఫోను టింగుమంది.

"సతీశ్," అంది ఫోను. తర్వాత నిశ్శబ్దం. "ఏడుస్తున్న ముఖం. జోడించిన చేతులు."

మళ్లీ తాకింది. మళ్లీ అంతే.

వెంటనే సంఘం పెద్ద మల్లేశయ్యది వచ్చింది: "ఓం శాంతి." ఇంకొకరిదీ అదే. ఇంకెవరో, పొద్దుగాలనే మాట్లాడిన గదా అని రాశారు. టింగు టింగుమని వస్తూనే ఉన్నాయి. ఎవరో పోయారు. ఎవరో అందరికీ తెలుసు. పేరు సతీశ్ రాసిన దాంట్లోనే ఉంది. తర్వాత ఒక్కరూ దాన్ని మళ్లీ రాయలేదు.

సతీశ్‌కు చేస్తే ఎంగేజ్. మల్లేశయ్యకు చేద్దామని మీదికి పోయిన వేలు అక్కడే ఆగిపోయింది. అడిగితే చెప్తాడు. అడగనంతసేపు రాంచందర్ బతికే ఉన్నాడు. తనకింకా ఎవరూ ఫోను చేయలేదు. చూపులేనిదానికి ఎట్ల చెప్పాలని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారేమో.

గోడ పట్టుకుని పోయి పక్కింటి మదీనా బీని పిలిచింది. ఆమె తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాలు కొన్ని గుర్తుపడుతుంది.

"గివేం అక్షరాలు బిడ్డా, తీగలు తీగలున్నయి," అంది మదీనా బీ.

"మొదటిదన్న చెప్పు, చాచీ."

చాలాసేపు చూసింది ముసలామె. "ఆర్ లెక్క ఉన్నది," అంది మెల్లగా.

ఆర్ అంటే ఇంకెవరు? యశోద మదీనా బీ భుజం పట్టుకుని, చెప్పులు కూడా వెతుక్కోకుండా వానలోకి నడిచింది. చెరువుకు ఆటో దొరికే రోడ్డు ఎక్కకముందే ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తడానికి చెయ్యి రాలేదు. మదీనా బీయే తీసుకుని యశోద చెవికి ఆనించింది.

"యశోదా, నేనే," అన్నాడు రాంచందర్.

ఆమెకు ఊపిరి వచ్చింది. అతను ఏడుస్తున్నాడు. అలుగు దగ్గర నీళ్లు గుంజి గోపయ్య కొట్టుకపోయాడట. పట్టుకోబోతే తన ఫోను నీళ్లపాలైందట. పైకి తీసేసరికే ప్రాణం లేదట. తను ఇప్పుడు శవం దగ్గర సర్కారు దవాఖానలో ఉన్నాడట.

గోపయ్య. ఎప్పుడొచ్చినా చెల్లె అని పిలిచే మనిషి. ఇంత భయంలో అతని పేరు ఒక్కసారి కూడా ఆమె మనసులోకి రాలేదు. వచ్చిన ఊపిరికే సిగ్గుపడింది. అట్లనే తడిసిన బట్టలతో గోపయ్య భార్య కమలమ్మ ఇంటికి పోయి కూర్చుంది. కమలమ్మ ఆమె చెయ్యి విడవలేదు.

ఆ ఆర్ అక్షరం, పోయినవాళ్లకు పెట్టే ఆర్ఐపీలోదని తర్వాత తెలిసింది. యశోద పడ్డ భయం సంగతి విని సతీశ్ వచ్చాడు.

"పోయినోని పేరు ఉత్త అక్షరాల్ల పెడితే మర్యాద లేనట్టనిపించింది అక్కా," అన్నాడు.

ఆమె కోపం చేయలేదు. ఇగ తెలుగులనే పెట్టు తమ్మీ అంది. అతను అట్లనే పెడుతున్నాడు. కానీ గ్రూపులో కొత్తవాళ్లు చేరుతూనే ఉన్నారు, సోకైన అక్షరాలు ఎక్కడినుంచో వస్తూనే ఉన్నాయి. రాంచందర్ చెరువు మీదున్నప్పుడు ఫోను పంపినవాళ్ల పేరు మాత్రం చెప్పి ఆగిపోయిందంటే చాలు, యశోద చేతిలో వల జారిపోతుంది. అతని గొంతు వినేదాకా దాన్ని మళ్లీ పట్టదు.