తబూక్ క్లినిక్‌లో ఎర్ర చిలక

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందంటారు మా ఆయన. తబూక్‌లో నేను నర్సుగా చేసిన క్లినిక్ సౌదీ సర్కారు నితాఖత్ లెక్కల్లో రెడ్‌లో పడ్డాక ఆ కోపమంతా ఒక పక్షి మీదికి మళ్లింది. సౌదీలను తక్కువగా పెట్టుకున్న కంపెనీ రెడ్, సరిపడా పెట్టుకున్నది గ్రీన్. రెడ్ కంపెనీలో ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, రెన్యువల్ కాదు. నాది నెల్లాళ్లలో అయిపోతుంది. ఈలోగా గ్రీన్ కంపెనీ ఏదీ తీసుకోకపోతే నేను ఇంటికి, పొలాల కంపెనీలో చేసే మా ఆయన ఇక్కడ. పెళ్లయి ఏడాదైనా కాలేదు.

ఆ పక్షి మా ముదీర్, అంటే మేనేజరు, రిసెప్షన్‌లో పెంచే చిలక. ఒళ్లంతా కుంకుమెరుపు, పొట్ట మీద నీలం.

"ఇది అడుగుపెట్టాకే కదే మనకీ దరిద్రం!" అంది తోటి నర్సు, భీమవరం అక్క.

నేనూ నమ్మేశాను. ఇంట్లో ప్రార్థన చేసుకుని వచ్చిన నోటితోనే, దానిమ్మ గింజలు వేస్తూ, "పోవే శనిగొట్టుదానా!" అని రోజూ తిట్టేదాన్ని.

శకునం మారాలని ముదీర్ వెంటపడి ఒక ఆకుపచ్చ చిలకను తెప్పించాం. వేరే జాతి కదా, పొడుచుకుంటాయని పంజరాలు చెరో మూల పెట్టించాను. రెండూ రోజంతా ఒకటే అరుపులు.

పన్ను పీకించుకోవడానికొచ్చిన పాకిస్తానీ పెద్దాయన ఒకసారి వాటిని చూసి, బుగ్గ పట్టుకునే నవ్వాడు. "సిస్టర్, దోనో ఏక్ హీ జాత్. హరా మియా, లాల్ బీవీ!" ఇండోనేషియా వైపు దీవుల్లో ఈ జాతికి మగది పచ్చగా, ఆడది ఎర్రగా ఉంటుందట.

నాకేది జరగకూడదని ఏడుస్తున్నానో అదే వాటికి చేశానా! సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటికప్పుడు పంజరాలు పక్కపక్కకు జరిపాను.

గడువుకు నాలుగు రోజుల ముందు, ఊళ్లోనే ఉన్న గ్రీన్ ఆస్పత్రికి నా ట్రాన్స్‌ఫర్ అయింది. మా ఆయనకు ఫోన్ చేసి ఏడుపూ నవ్వూ కలిపేశాను.

"ఏమైందే? చెప్పు తల్లీ!"

"ఇక్కడే ఉంటానండీ."

అమ్మయ్య! గుండెల మీంచి బండ దిగింది.

ఆఖరి రోజు ఎర్రదానికి దానిమ్మ గింజలు పెట్టి, క్షమించమన్నాను. అది తల పక్కకు వంచి విన్నది. తర్వాత అచ్చం నా గొంతుతో, "పోవే శనిగొట్టుదానా!" అంది.

అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. ఏమంటోందని ముదీర్ అడిగాడు.

"క్షేమంగా వెళ్లి రమ్మంటోంది" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ.